ఇగువానా తోక చివర నల్లబడింది, ఏం చేయాలి?

ప్రశ్న: మేడమ్, మా ఇగువానా (పెంచుకునే పెద్ద బల్లి) మా దగ్గరికి వచ్చేసరికే తోక సగం తెగి ఉంది, తర్వాత కొంచెం మొలిచింది గానీ రంగు ముదురుగా వేరేలా ఉంది. ఇప్పుడు చివర నల్లగా గట్టిగా అయింది. ఇంట్లో పసుపు రాయమంటున్నారు, రాయొచ్చా? – ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: పసుపు వద్దండీ. మళ్లీ మొలిచిన తోక రంగు వేరేగా ఉండటం మామూలే, అందులో ఎముక ఉండదు, మృదులాస్థే, దానికి బెంగపడకండి. నాకు భయమేసేది ఆ నల్ల చివర గురించే. ఎండుపుల్లలా గట్టిపడిందంటే అక్కడికి రక్తం అందట్లేదేమో, అలాంటిది మెల్లగా పైకి పాకుతుంది, అందుకే నల్లభాగం ఎక్కడిదాకా ఉందో రోజూ ఫోటో తీస్తూ ఈ వారంలోనే రెప్టైల్స్ చూసే వెట్‌కి చూపించండి, కుక్కలు పిల్లుల్నే చూసే క్లినిక్ కావచ్చు కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. చచ్చిన భాగం తీసేయాల్సి రావచ్చు, మీరు మాత్రం ఇంట్లో కత్తెర పట్టొద్దు ప్లీజ్.

పాత కుబుసం ఊడకుండా ఉంగరంలా బిగుసుకుందేమో కూడా చూడండి, ఉంటే గోరువెచ్చటి నీళ్లలో నాననివ్వండి, లాగొద్దు. తోక పట్టుకుని అస్సలు ఎత్తొద్దు.

ఇంకోటి, బాల్కనీ అద్దంలోంచి ఎండ పడుతోంది కదా అని చాలామంది ఊరుకుంటారు, ఎండలో ఇగువానాకి కావాల్సిన యూవీబీ అనే అతినీలలోహిత కిరణాల్ని అద్దం ఆపేస్తుందండీ, విడిగా యూవీబీ లైట్ ఉండాల్సిందే. పాలకూర తగ్గించి మందారాకులు, పువ్వులు పెట్టండి, ఇష్టంగా తింటాయి.