రీసెట్ నొక్కే ముందు ఒక్క రోజు ఆగు

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. నీ డెస్క్‌టాప్ కంప్యూటర్ ఆన్ చేసి స్నానం చేసి వచ్చినా అది ఇంకా తిరుగుతూనే ఉంటోందనీ, విసుగొచ్చి ఈ రాత్రికే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేస్తాననీ, అంటే విండోస్‌ని మళ్లీ కొత్తగా వేసేస్తాననీ రాశావు. ఈ రాత్రికి మాత్రం వద్దు. రీసెట్ నాలుగు క్లిక్కుల పని, ఎవరైనా చేస్తారు. దానికి ముందు చూసుకోవాల్సినవి చూసుకోవడానికే ఒక రోజు పడుతుంది. ఆ రోజు దండగ అనుకున్నవాళ్లే తర్వాత ఏడుస్తారు, నేనూ ఏడ్చాను.

మొదటిసారి రీసెట్ చేసినప్పుడు ఫొటోలు, డాక్యుమెంట్లు అన్నీ జాగ్రత్తగా కాపీ చేసుకున్నాను. కానీ అప్పట్లో నేను మెయిల్ చూసుకునే ప్రోగ్రామ్ ఉత్తరాలన్నిటినీ సర్వర్ నుంచి దించేసుకుని, ఎక్కడో యాప్‌డేటా అనే కనబడని ఫోల్డర్‌లో ఒకే ఫైల్‌గా దాచేది. ఆ సంగతి నాకు తెలీదు. తాతయ్య ఆఖరి రెండేళ్లలో నాకు రాసినవన్నీ అందులోనే ఉన్నాయి. సర్వర్‌లో కాపీ లేదు, నా దగ్గరా లేదు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు అసలు ఎందుకు స్లో అయిందో చూడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. నువ్వు ఏ పనీ చేయకుండా ఊరికే కూర్చున్నా డిస్క్ నూటికి నూరు శాతం చూపిస్తోందా, మెమొరీ నిండిపోయిందా, ఏదైనా ఒక్క ప్రోగ్రామే మొత్తం తినేస్తోందా గమనించు. అక్కడే స్టార్టప్ అనే భాగం ఉంటుంది, ఆన్ అవ్వగానే తమంతట తాము మొదలయ్యేవన్నీ అక్కడ కనిపిస్తాయి. నీకు అక్కర్లేనివి డిసేబుల్ చేసి రీస్టార్ట్ చేయి. చాలాసార్లు అంతటితోనే సగం బరువు దిగిపోతుంది. సీ డ్రైవ్ నిండిపోయి ఉంటే అది కూడా ఒక కారణమే.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. మీ సిస్టమ్‌లో ఉన్నది పాతకాలం తిరిగే హార్డ్ డిస్క్ అయితే, అది చెడిపోయే దశలో ఉండి కూడా స్లో అవ్వొచ్చు. టక్ టక్ మని చప్పుడు వినిపించినా, ఫోల్డర్ తెరిస్తే నిమిషాల తరబడి ఆగిపోతున్నా అనుమానించాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రామ్ డిస్క్ ఆరోగ్యం ఎలా ఉందో చూపిస్తుంది. కాషన్ అనో బ్యాడ్ అనో చూపిస్తే రీసెట్ ఆలోచన పక్కన పెట్టు. అప్పటికే అలసిపోయిన డిస్క్ మీద కొన్ని గంటలపాటు చెరపడం, మళ్లీ రాయడం మొదలుపెడితే అది మధ్యలోనే పోయే ప్రమాదం ఉంది. అప్పుడు చేయాల్సింది ముందు నీ ఫైళ్లు బయటకు తెచ్చుకోవడం, తర్వాత ఆ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చాలా వేగమైన డిస్క్) వేయించుకోవడం. నిజానికి డిస్క్ బాగానే ఉన్నా నా సలహా అదే. హార్డ్ డిస్క్ మీద ఎన్నిసార్లు రీసెట్ చేసినా కొన్నాళ్లు హాయిగా ఉండి మళ్లీ మొదటికొస్తుంది. ఎస్‌ఎస్‌డీ వేస్తే అదే పాత సిస్టమ్ కొత్తదానిలా లేస్తుంది.

ఇక బ్యాకప్. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అందరికీ గుర్తుంటాయి. గుర్తుండనివి వేరే ఉంటాయి: బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డులు, బుక్‌మార్కులు, మెయిల్ ఫైళ్లు, సీ డ్రైవ్‌లో ఎప్పుడో విడిగా చేసుకున్న ఫోల్డర్లు, అకౌంట్ల సాఫ్ట్‌వేర్ డేటా, నువ్వే విడిగా ఇన్‌స్టాల్ చేసిన ఫాంట్లు, డబ్బు పెట్టి కొన్న ప్రోగ్రాముల లైసెన్స్ కీలు. డెస్క్‌టాప్ మీద కనిపించే వాటిలో కొన్ని ఉత్త షార్ట్‌కట్లే, వాటిని పెన్‌డ్రైవ్‌లోకి లాగితే అసలు ఫైల్ రాదు. వన్‌డ్రైవ్ వాడుతున్నావా? ఫైల్ పక్కన మబ్బు గుర్తుంటే అది నెట్‌లోనే ఉంది, నీ దగ్గర లేదు. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ నీకు గుర్తుందో లేదో ఇప్పుడే లాగిన్ అయి చూసుకో. కాపీ అయిపోయాక ఆ డ్రైవ్ తీసి వేరే కంప్యూటర్‌కి పెట్టి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడు. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను నమ్మను. తర్వాత దాన్ని పీకేసి పక్కన పెట్టేయి, రీసెట్ అవుతున్నంతసేపూ సిస్టమ్‌కి తగిలించి ఉండకూడదు.

నెట్‌వర్క్ డ్రైవర్ (నెట్ కనెక్షన్‌ని పనిచేయించే చిన్న ప్రోగ్రామ్) కూడా తయారీ కంపెనీ సైట్ నుంచి దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో. రీసెట్ అయ్యాక నెట్ రాకపోతే, నెట్ రావడానికి కావాల్సింది దించుకోవడానికీ నెట్ ఉండదు కదా. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ అనే విండోస్ ఏర్పాటు ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ ఒకటి ఉంటుంది, అది కాగితం మీద రాసిపెట్టుకో. విండోస్ యాక్టివేషన్ గురించి మాత్రం టెన్షన్ పడకు. 10, 11ల్లో అది సాధారణంగా మదర్‌బోర్డును గుర్తుపట్టి తనంతట తానే యాక్టివేట్ అయిపోతుంది.

అసలు పని చిన్నదే. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ. విండోస్ 10లో అయితే సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, రికవరీ. అక్కడ రీసెట్ దిస్ పీసీ ఉంటుంది. సిస్టమ్ లోపలికే రావట్లేదంటే లాగిన్ స్క్రీన్ దగ్గర షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కు, ట్రబుల్‌షూట్‌లో అదే కనిపిస్తుంది. కీప్ మై ఫైల్స్ అంటే నీ ఫైళ్లుంటాయి, ప్రోగ్రాములు పోతాయి. రిమూవ్ ఎవ్రీథింగ్ అంటే రెండూ పోతాయి. నువ్వే వాడుకునేదానికి, అదీ ఇంత చెత్త పేరుకున్నాక, బ్యాకప్ మీద నమ్మకం ఉంటే నేను రెండోదే ఎంచుకుంటాను. తర్వాత క్లౌడ్ డౌన్‌లోడా (విండోస్‌ని నెట్ నుంచి దించుకోవడం), లోకల్ రీఇన్‌స్టాలా (సిస్టమ్‌లో ఉన్న ఫైళ్లతోనే వేసుకోవడం) అని అడుగుతుంది. క్లౌడ్‌కి 4 జీబీ పైనే డేటా ఖర్చవుతుంది కానీ విండోస్ ఫైళ్లు తాజాగా వస్తాయి, లోపలున్నవి పాడయ్యాయని అనుమానం ఉంటే అదే మేలు. చేంజ్ సెట్టింగ్స్ నొక్కి ఒక్కసారి నిదానంగా చదువు. డ్రైవులన్నీ చెరపాలా అన్నచోట విండోస్ ఉన్న డ్రైవ్ ఒక్కటే ఉండేలా చూసుకో, లేదంటే డీ డ్రైవ్ కూడా ఖాళీ అయిపోతుంది. క్లీన్ డేటా అనేది పాత ఫైళ్లు మళ్లీ బయటకు తీయడం కష్టమయ్యేలా చెరుపుతుంది, అది సిస్టమ్ వేరేవాళ్లకి ఇచ్చేటప్పుడే పనికొస్తుంది, నీకు అక్కర్లేదు, దాంతో గంటలు పెరుగుతాయి.

ఈ రీసెట్ చేస్తే ఇప్పుడున్న వెర్షన్ విండోసే వస్తుంది, కొన్ననాటిది కాదు. కొన్ని కంపెనీలవాళ్లు స్టార్టయ్యేటప్పుడు నొక్కే ఒక కీ పెట్టి (హెచ్‌పీలో ఎఫ్11, ఏసర్‌లో ఆల్ట్ ఎఫ్10) కొన్ననాటి స్థితికి తీసుకెళ్లే దారి ఇస్తారు, కానీ దాంతోపాటు ఆనాటి పాత విండోసూ, వాళ్లు నింపిపెట్టిన అక్కర్లేని ప్రోగ్రాములూ తిరిగొస్తాయి. ఆ దారి వద్దు. విండోస్ 10కే 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది, అంతకన్నా వెనక్కి వెళ్లడమెందుకు.

డెస్క్‌టాప్‌కి ల్యాప్‌టాప్‌లా బ్యాటరీ ఉండదు, రీసెట్ మధ్యలో కరెంటు పోతే విండోస్ సగంలో ఆగి అసలు లేవకుండా పోవచ్చు. యూపీఎస్ ఉంటేనే మొదలుపెట్టు, లేకపోతే ఎవరి దగ్గరైనా ఒక పూటకి తెచ్చుకో. శాతం ఒకచోటే అరగంట నిలబడిపోయినా పవర్ బటన్ జోలికి వెళ్లకు, అది పని చేసుకుంటూనే ఉంటుంది.

అయిపోయాక అప్‌డేట్లన్నీ పూర్తవనివ్వు, రెండు మూడుసార్లు రీస్టార్ట్ అడుగుతుంది. యాంటీవైరస్ విడిగా కొనక్కర్లేదు, విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటి వాడకానికి సరిపోతుంది. స్పీడ్ పెంచుతామని చెప్పే బూస్టర్లూ క్లీనర్లూ ఒక్కటి కూడా వేయకు, నేను చూసిన స్లో సిస్టమ్స్‌లో సగానికి అవే కారణం. పాత ప్రోగ్రాములన్నీ ఒకేరోజు ఎక్కించకు, ఏది అవసరం పడితే అది అప్పుడు వేసుకో.

రేపు పొద్దున క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెట్టి, ఆ స్క్రీన్ ఫొటో తీసి నాకు పంపు. అది చూశాక రీసెట్టా, ఎస్‌ఎస్‌డీయా ఫోన్‌లో తేల్చుకుందాం.

మీ పిన్ని