‘నాన్న జీతంలో డబ్బు ఎవరు కోశారు?’ – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో పిల్లలకు పన్నుల గురించి ఎలా చెప్పాలని అడిగినవే ఎక్కువ. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక స్థానిక సంస్థలో పద్దులు రాశాను. జనం కట్టిన పన్ను ఒక పక్క రాసుకుని, అది ఏ పనికి వెళ్లిందో రెండో పక్క రాయడమే నా పని. అందుకే ఈ నాలుగు ఉత్తరాలకూ ఇష్టంగా జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, మా బాబుకి ఎనిమిదేళ్లు. మొన్న వాళ్ల నాన్న జీతం స్లిప్ చూస్తూ ‘ఇంత పన్ను కోసేశారు’ అన్నారు. ‘ఎవరు కోశారు, ఎందుకు?’ అని వీడు వదలకుండా అడిగాడు. ఆయన విసుగ్గా ‘గవర్నమెంటు లాక్కుంది’ అనేశారు. అప్పట్నుంచి వీడి దృష్టిలో గవర్నమెంటు అంటే దొంగ. ఆ మాట వీడి మనసులోంచి ఎలా తీయాలి? ఈ వయసులో పన్నుల సంగతి అర్థమవుతుందా?
– ఒక తల్లి

జవాబు: బాగా అర్థమవుతుందమ్మా. ఎవరు, ఎందుకు అని మీ బాబు అడిగిన రెండూ పెద్దవాళ్లు కూడా అడగాల్సిన ప్రశ్నలే. కాకపోతే జీతం స్లిప్ దగ్గర మొదలుపెట్టకండి. అందులో పోయిన డబ్బే కనిపిస్తుంది, అది ఎక్కడికి వెళ్లిందో కనిపించదు. ఎనిమిదేళ్ల పిల్లలు కంటికి కనిపించిందే నమ్ముతారు. ముందు వస్తువు చూపించండి, డబ్బు మాట తర్వాత.

నేనైతే వీధి దీపంతో మొదలుపెడతాను. చీకటి పడ్డాక బాబుని తీసుకెళ్లి ఒక దీపం కింద నిలబెట్టండి. ఇది ఎవరిదో అడగండి. ‘కరెంటు వాళ్లది’ అనో, ‘ఎవరిదీ కాదు’ అనో అంటాడు. అప్పుడు ఆ ఒక్క దీపం వెనక ఎంతమంది ఉన్నారో వాడి చేతే లెక్క పెట్టించండి. స్తంభం పాతినవాళ్లు, తీగ లాగినవాళ్లు, బల్బు పోతే నిచ్చెన వేసుకుని ఎక్కేవాళ్లు, కరెంటు తయారయ్యే చోట రాత్రంతా మేలుకుని ఉండేవాళ్లు, నెల తిరిగేసరికి బిల్లు సరిచూసి డబ్బు చెల్లించే నాలాంటి గుమాస్తాలు. వీళ్లందరికీ జీతాలు ఎవరివ్వాలి? ఈ ప్రశ్న దగ్గర తొందరపడి జవాబు చెప్పేయకండి. వాణ్ని ఆలోచించనివ్వండి.

తర్వాత ఇంకొకటి అడగండి. డబ్బిచ్చినవాళ్ల మీద మాత్రమే వెలుగు పడేలా దీపాన్ని తిప్పగలమా? ఇవ్వనివాళ్లు నడిచి వెళ్తుంటే ఆర్పేయగలమా? కుదరదని వాడికే తడుతుంది. దుకాణంలో కొనుక్కునే వస్తువుకీ దీనికీ ఉన్న తేడా అదే. కొన్నింటిని ఎవరికి వారు కొనుక్కోలేరు, అందరూ కలిసి పెట్టుకోవాల్సిందే. ఆ కలిపి పెట్టుకున్న డబ్బే పన్ను.

ఎవరికి వారు కొనుక్కుంటే ఏమవుతుందని వాడు అడిగితే, చెప్పడానికి ఒక నిజమైన కథ ఉంది. 1666లో లండన్ నగరంలో చాలా భాగం కాలిపోయింది. ఆ తర్వాత అక్కడ అగ్ని బీమా కంపెనీలు పుట్టాయి. మంటలార్పడానికి కంపెనీలు సొంతంగా మనుషుల్ని పెట్టుకున్నాయి. బీమా కట్టిన ఇంటి గోడకి కంపెనీ గుర్తు ఉన్న రేకు బిళ్ల కొట్టేవారు. చాలాకాలం అలాగే నడిచింది. 1861లో థేమ్స్ నది ఒడ్డున టూలీ స్ట్రీట్‌లో గిడ్డంగులు అంటుకున్నాయి. ఆ మంటలు పూర్తిగా ఆరడానికి రోజులు పట్టింది. అగ్నిమాపక దళానికి పెద్దగా ఉన్న జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ మీద గోడ కూలి ఆయన చనిపోయాడు. ఇంత భారం ఇక మా వల్ల కాదని కంపెనీలే ప్రభుత్వానికి మొరపెట్టుకున్నాయి. 1865లో చట్టం చేసి, మరుసటి ఏడాది నుంచి మొత్తం నగరానికి ప్రభుత్వ అగ్నిమాపక దళం పెట్టారు. పక్కింటికి పాకే మంట ఆ ఇంటివాళ్లు బీమా కట్టారో లేదో చూసుకోదు. ఈ ముక్క పిల్లలకు చటుక్కున ఎక్కుతుంది.

మీవారికి నా మాటగా చెప్పండి. పన్ను మరీ ఎక్కువగా ఉందని ఆయనకు అనిపిస్తే ఆ మాట పిల్లాడి ముందే అనొచ్చు. అది ఆయన అభిప్రాయం, అది చెప్పే హక్కు ఆయనకుంది. కానీ ‘లాక్కున్నారు’ అన్న చోట ‘నేను కట్టాను’ అంటే, పిల్లాడు తండ్రిని మోసపోయినవాడిగా చూడడు. ఆ దీపంలో వాళ్ల నాన్న వాటా ఉందని గర్వపడతాడు.

ప్రశ్న: మేడమ్, నేను ఆరో తరగతికి సోషల్ చెప్తాను. ప్రత్యక్ష పన్ను, పరోక్ష పన్ను అని నిర్వచనాలు చెప్తుంటే పిల్లలు ఆవలిస్తున్నారు. పరీక్షలో మాత్రం రాసేస్తున్నారు. క్లాసులో చేయించగలిగే పని ఏదైనా చెప్తారా?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: నిర్వచనాలు ఆఖర్న పెట్టుకోండి. ముందు వాళ్లు పోట్లాడుకోవాలి.

ఒక్కొక్కరికీ చీటీలు ఇవ్వండి. అందరికీ సమానంగా వద్దు. కొందరికి ఇరవై, ఎక్కువమందికి ఎనిమిదో పదో, ఇద్దరు ముగ్గురికి రెండే. ఇవి మీ ఏడాది సంపాదన అని చెప్పండి. బోర్డు మీద ఈ ఊహా ఊరికి కావలసినవి రాయండి: తాగునీరు, ఆసుపత్రి, బడి, రోడ్డు, మురుగు కాలువలు, అగ్నిమాపక బండి. ఒక్కోదానికి ఎన్ని చీటీలు కావాలో కూడా రాయండి. అన్నీ కలిపితే క్లాసులో ఉన్న చీటీల కన్నా ఎక్కువ కావాలి. ఇది మాత్రం తప్పకుండా పాటించండి. అన్నీ సరిపోతే ఆటలో పాఠం మిగలదు.

మొదటి గొడవ ఎవరు ఎంత వేయాలన్న దాని మీద వస్తుంది. అందరూ తలా నాలుగు వేద్దామని ఒకరంటారు. రెండే ఉన్నవాడు ఎక్కణ్నుంచి తెస్తాడు? అయితే ఉన్నదాంట్లో పదో వంతు వేద్దామని ఇంకొకరంటారు. ఇరవై ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువ వంతు వేయొచ్చు కదా అని మరొకరు. నేను ఎక్కువ కష్టపడి సంపాదించానని ఇరవై ఉన్న పిల్ల అంటుంది. ఏ దేశ చట్టసభలోనైనా బడ్జెట్ రోజున పెద్దవాళ్లు వాదించుకునేది ఇదే. మీరు తీర్పు చెప్పకండి. సరైన జవాబు మీ దగ్గర దాచి ఉంచారని పిల్లలకు అనిపించిందంటే, వాదన ఆపేసి మీ మొహం చూస్తారు.

నేనసలు వేయనని ఎవరో ఒకరు అంటారు. మందలించకండి. సరే అని అతణ్ని కూర్చోబెట్టి ఆట నడిపించండి. నీళ్లు వచ్చాక, రోడ్డు పడ్డాక అతణ్ని ఏం చేయాలో క్లాసునే అడగండి. నాకు తెలిసి ఆ గంటలో అందరూ బాగా గుర్తుపెట్టుకునే ఘట్టం ఇదే అవుతుంది.

తర్వాత దేన్ని వదిలేయాలన్నది రెండో గొడవ. మురుగు కాలువలు అన్నిటికన్నా ముందు కొట్టేస్తారు, అందులో చూడ్డానికి ఏమీ లేదు కదా! అప్పుడు లండన్ సంగతే మళ్లీ చెప్పండి. 1854లో మురుగు కలిసిన బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు నీళ్ల వల్లే కలరా పాకుతోందని జాన్ స్నో అనే డాక్టరు చనిపోయినవాళ్ల ఇళ్లను మ్యాపు మీద గుర్తు పెట్టి చూపించాడు. నాలుగేళ్లకు, 1858 వేసవిలో, మురుగుతో నిండిన థేమ్స్ కంపు పార్లమెంటు భవనంలోకి కొడితే గానీ కాలువలకు డబ్బు మంజూరు కాలేదు. జోసఫ్ బజల్జెట్ అనే ఇంజనీరు అప్పుడు కట్టించిన భూగర్భ కాలువలు ఇప్పటికీ పని చేస్తున్నాయి. ఇది విన్నాక పిల్లల్ని మళ్లీ ఓటు వేయమనండి. ఓట్లు మారాయేమో చూసి నాకు రాయండి.

జపాన్‌లో ట్యాక్స్ అధికారులూ నిపుణులూ బడులకు వెళ్లి పన్నుల క్లాసులు చెప్తారు. పది వేల యెన్ల నోట్లు పది వేలు, అంటే పది కోట్ల యెన్లు, ఒక పెట్టెలో నమూనాగా పెట్టి పిల్లల చేత ఎత్తిస్తారు. పది కిలోల బరువు ఉంటుంది. ప్రజల డబ్బు బరువు చేతికి తెలియాలని వాళ్ల ఉద్దేశం. అక్కడి బడి పుస్తకాల వెనక అట్ట మీద ఇంకో మంచి పని చేశారు. ఈ పుస్తకం పన్నుల డబ్బుతో మీకు ఇస్తున్నాం, జాగ్రత్తగా వాడుకోండి అన్న అర్థం వచ్చేలా ఒక వాక్యం ఉంటుంది. ఏ దేశంలోనైనా ప్రతి బడి పుస్తకం మీదా అలాంటి వాక్యం ఉండాలని నా కోరిక.

పెద్ద తరగతుల పిల్లలైతే అమెరికాలోని బోస్టన్ నగరం గురించి చెప్పండి. 2014లో ఆ నగరం తన బడ్జెట్‌లోంచి పది లక్షల డాలర్లు పక్కన పెట్టి, దేనికి ఖర్చు పెట్టాలో పన్నెండేళ్ల నుంచి పాతికేళ్ల లోపు వాళ్లనే ఓటు వేసి తేల్చమంది.

ప్రశ్న: అమ్మా, మా మనవరాలికి పన్నులు కట్టడం మంచి పౌరుడి లక్షణమని పుస్తకంలో ఉంది. నాకు ఆ పాఠం చదివించడానికి మనసొప్పడం లేదు. గుంతల రోడ్లు, మందులు లేని ఆసుపత్రులు, మధ్యలో తినేసే మనుషులు. ఇవన్నీ చూస్తూ పసిపిల్లకి అబద్ధం నేర్పమంటారా?
– ఒక తాతయ్య

జవాబు: అబద్ధం ఒక్కటి కూడా చెప్పొద్దండి. గుంతలు ఉన్నాయనే చెప్పండి. ఆ గుంత పూడ్చడానికి కట్టిన డబ్బు మనదేనని కూడా చెప్పండి. రెండోది చెప్పకుండా మొదటిది మాత్రమే చెబితే, ఆ పిల్ల మొహం చిట్లించి పక్కకు తప్పుకుని వెళ్లిపోవడం నేర్చుకుంటుంది. రెండూ తెలిస్తే, ఎందుకు పూడ్చలేదని అడగడం నేర్చుకుంటుంది.

పన్ను కట్టడం ఎంత పాతదో, లెక్క అడగడమూ అంత పాతదే. 1789లో ఫ్రాన్స్‌లో ప్రకటించిన మానవ, పౌర హక్కుల పత్రంలో పద్నాలుగో అధికరణం పన్ను అవసరమా కాదా తేల్చుకునే హక్కు, అది ఎలా ఖర్చవుతోందో గమనించే హక్కు పౌరులకు ఉన్నాయంటుంది. ప్రభుత్వోద్యోగిని లెక్క చెప్పమని అడిగే హక్కు సమాజానికి ఉందని పదిహేనో అధికరణం చెబుతుంది. చెడ్డ పన్నులూ ఉంటాయని కూడా చెప్పండి. ఇంగ్లండులో 1696 నుంచి ఇళ్ల కిటికీల మీద పన్ను వేశారు. జనం కిటికీలు ఇటుకలతో మూసేసుకున్నారు, ఇళ్లల్లోకి గాలీ వెలుతురూ రాకుండా పోయాయి. 1851లో గానీ అది రద్దు కాలేదు. ఉప్పు మీద పన్నుకు ఎదురు తిరిగి 1930లో గాంధీ దండికి నడిచిన సంగతి మీ మనవరాలికి మీరే చెప్పగలరు. చెడ్డ పన్నుని ఎదిరించినవాళ్లూ మంచి పౌరులే.

నా అనుభవం ఒకటి చెప్తాను. మా ఆఫీసుకి ఒక పెద్దాయన ఏటా వచ్చేవారు. తమ వీధి పార్కుకి బడ్జెట్‌లో రాసిన డబ్బు ఖర్చయిందా, దేనికయింది అని అడిగి, కాగితం మీద రాసుకుని వెళ్లేవారు. గొంతు పెంచేవారు కాదు. ఆయన వస్తారని తెలుసు కాబట్టి ఆ పద్దు మేం ముందుగానే సరిచూసి పెట్టుకునేవాళ్లం. ఎవరూ అడగని పద్దులకి అంత శ్రద్ధ దక్కేది కాదు, ఇది నిజం. ఆడిట్ శాఖలు ఉన్నాయి, అవి అవసరం కూడా. కానీ ఆ వీధిలో నడిచే మనిషి వచ్చి అడిగితే ఉండే బలం వేరు. మీ మనవరాలిని వెంటబెట్టుకుని ఒకసారి వెళ్లి అడగండి. ఏ పాఠమూ చెప్పనక్కర్లేదు, మీ పక్కన నిలబడి వింటే చాలు.

ప్రశ్న: మేడమ్, నాకు పన్నెండేళ్లు. మా బడి ముందు రోడ్డు దాటే చోట తెల్ల చారలు చెరిగిపోయాయి. బళ్లు ఆగడం లేదు. ఎవరికైనా రాద్దామంటే, ‘నువ్వు సంపాదించవు, పన్ను కట్టవు, నీ మాట ఎవరు వింటారు’ అని మా అన్నయ్య అంటున్నాడు. నిజమేనా?
– ఒక విద్యార్థిని

జవాబు: నిజం కాదమ్మా. నువ్వు కొన్న పెన్ను ధరలో పన్ను ఉండే ఉంటుంది. వస్తువు తయారీ నుంచి అమ్మకం దాకా ప్రతి దశలోనూ కొంచెం కొంచెం వసూలు చేసే ఈ పద్ధతిని 1954లో ఫ్రాన్స్ మొదలుపెట్టింది. ఇప్పుడు 160కి పైగా దేశాల్లో ఉంది. అసలు పైసా పన్ను కట్టనివాళ్లకి కూడా ఆ రోడ్డు క్షేమంగా దాటే హక్కు ఉంది.

ఉత్తరం ఇలా రాయి. రోడ్డు పేరు, బడి గేటు నుంచి ఎంత దూరంలో, ఎప్పట్నుంచి చెరిగిపోయి ఉన్నాయి, ఏ సమయాల్లో పిల్లలు ఎక్కువగా దాటుతారు. ఏం కావాలో ఒక్క వాక్యంలో అడుగు: తెల్ల చారలు మళ్లీ వేయించండి. ఫోటో ఉంటే జతచెయ్యి. నీ స్నేహితుల చేత, మీ హెడ్‌మాస్టరు గారి చేత సంతకాలు పెట్టించు. మీ ఊరి రోడ్లు చూసే ఆఫీసు ఏదో ఆయన చెప్తారు. ఉత్తరం ఇచ్చేటప్పుడు ఒక కాపీ నీ దగ్గర ఉంచుకుని, అందినట్టు దాని మీద ముద్ర వేయించుకో. నంబరు ఇస్తే అక్కడే రాసుకో. జవాబు రాకపోతే రెండో ఉత్తరంలో మొదటి వాక్యంగా ఆ నంబరు, తేదీ రాయి.