అల్లుడికి మామ రాసేది: ఆ మూడు మందుల ట్యూబు గురించి

చిత్తూరు

చి. అల్లుడికి, మామ దీవించి రాసేది.

మీ అమ్మ ఫోన్ చేసింది. గజ్జల్లో మొదలైన దురద తొడల మీదికి దిగి, ఇప్పుడు నడుం చుట్టూ పాకిందంట కదా. నీ రూమ్మేటు ఇచ్చిన ట్యూబు పూస్తే రెండు రోజుల్లో తగ్గిందని, ఆపితే మళ్ళీ వచ్చిందని, మళ్ళీ పూస్తున్నావని చెప్పింది. ట్యూబు ఫోటో కూడా పంపింది. ఫోన్లో చెబితే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. చూడబోతే ఇది తామర, అంటే చర్మానికి ఫంగసు అనే ఒక రకం బూజు పట్టడం. సిగ్గుపడే పని ఏమీ లేదు. ఉద్యోగం మొత్తం ప్రభుత్వాసుపత్రి మందుల కౌంటరు వెనకాల గడిపినవాణ్ణి. ఎండలు ముదిరినప్పుడు, వానలు మొదలైనప్పుడు చీటీని మడతపెట్టి చేతిలో దాచుకుని వచ్చే కుర్రోళ్ళలో సగం మందిది ఇదే బాధ.

నీ ట్యూబు మీద అక్షరాలు పెద్దవి చేసి చదివాను. మూడు మందులు కలిపారు. మైకోనజోల్ అనేది ఫంగసును చంపేది, నీకు కావలసింది అదొక్కటే. జెంటమైసిన్ బ్యాక్టీరియా మీద పనిచేసే మందు, తామరకు దాంతో పనిలేదు. మూడోది క్లోబెటసోల్. అది స్టెరాయిడ్, చర్మానికి పూసే స్టెరాయిడ్లలో అన్నిటికంటే గట్టి వాటిలో ఒకటి. రెండు రోజుల్లో తగ్గిందనుకున్నావే, ఆ పని చేసింది ఇదే. తగ్గింది దురద, ఎరుపు. ఫంగసు కాదు.

ఎందుకంటే ఆ ఎరుపు, వాపు, దురద అన్నీ ఫంగసు మీద నీ ఒంటి పోరాటం వల్ల వచ్చేవి. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని పడుకోబెడుతుంది. చెనిక్కాయల చేనుకు కాపలా ఉన్నవాడికి మత్తు పెట్టినట్టు అనుకో. రాత్రంతా కేకలుండవు, అడవిపందులు మాత్రం మేస్తూనే ఉంటాయి. మందు ఆపిన నాలుగో రోజు చూస్తే మచ్చ ఇంకా పెద్దదై ఉంటుంది. మళ్ళీ పూస్తావు, మళ్ళీ హాయిగా ఉంటుంది. ఇట్లా నెలలు గడిచిపోతాయి. అప్పటికి తామరకు ఉండాల్సిన గుండ్రటి అంచు, పొలుసు పోయి, ఏ జబ్బో డాక్టరు కూడా ఒక్క చూపులో చెప్పలేనంతగా రూపు మారిపోతుంది. గజ్జల్లో చర్మం పలచబడి, గర్భిణుల పొట్ట మీద వచ్చేలాంటి చారలు పడతాయి. ఫంగసు ఎప్పటికైనా పోతుంది గానీ ఆ చారలు పోవు. ముఖానికి పూసుకున్నవాళ్ళయితే మొటిమలు, ఎర్రదనం, సన్న వెంట్రుకలు వచ్చి, ఎండలోకి పోలేక అవస్థ పడతారు.

2018 మార్చిలో కేంద్రం ఇట్లాంటి స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడు సెప్టెంబరులో 328 మిశ్రమ మందులను నిషేధిస్తే, చర్మానికి పూసే ఇట్లాంటి కలగలుపు క్రీములు కూడా కొన్ని ఆ జాబితాలో ఉన్నాయి. అయినా ఏ సెంటరులోనైనా సరే, "తామరకు ఏదైనా ఇవ్వన్నా" అంటే చేతిలో పెట్టేది ఇట్లాంటి ట్యూబే. అమ్మేవాడిదే తప్పని నేననను. రెండు రోజుల్లో దురద తగ్గకపోతే కొన్నవాడే తిరిగొచ్చి పోట్లాడతాడు.

కొనేటప్పుడు బ్రాండు పేరు కాదు, దాని కింద సన్న అక్షరాల్లో ఉండే మందుల పేర్లు చూడు. క్లోట్రిమజోల్, మైకోనజోల్, కీటోకోనజోల్, లులికోనజోల్, టెర్బినఫిన్ ఫంగసు మందులు. వీటిలో ఒకటే ఉంటే మంచిది. పక్కన బెటామెథసోన్, మొమెటసోన్, బెక్లోమెథసోన్, క్లోబెటసోల్ అని కనబడితే పెట్టెలో పెట్టి తిరిగిచ్చెయ్.

మరి స్టెరాయిడ్ కలిపిన ఫంగసు క్రీము అసలు ఎప్పుడూ వాడకూడదా అంటే, వాడే సందర్భం ఒకటుంది. చర్మం బాగా ఎర్రబడి, వాచి, మంటతో నడవలేనంతగా ఉన్నప్పుడు తేలికపాటి స్టెరాయిడ్, అంటే 1 శాతం హైడ్రోకార్టిసోన్, మైకోనజోల్‌తోనో క్లోట్రిమజోల్‌తోనో కలిసి ఉన్న క్రీమును డాక్టరు రాస్తారు. అదీ వారం దాటకుండా. మంట చల్లారగానే అది ఆపేసి ఉత్తి ఫంగసు క్రీముకు మారాలి. ఎక్కువమంది ఈ మారడమే మర్చిపోతారు. మన దేశంలో ఇప్పుడున్న పరిస్థితి చూసి, తామరకు ఆ తేలిక స్టెరాయిడ్ కూడా వద్దనే చర్మవైద్యులే ఎక్కువ. నా ఓటు కూడా వాళ్ళకే. దురదకు రాత్రిపూట సెట్రిజిన్ లాంటి మాత్ర, తడిపి పిండిన చల్లటి గుడ్డ చాలు. ఆ మాత్రకు నిద్ర వస్తుంది, నైట్ షిఫ్టులో మిషను దగ్గర నిలబడేటప్పుడు వేసుకోవద్దు.

ఇక పూసే పద్ధతి. దీని గురించి చీటీలో ఎవరూ రాయరు, కౌంటర్లో చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

స్నానం చేసి, ఒళ్ళు తుడుచుకుని, మడతలు పూర్తిగా ఆరినాక పూయాలి. తడి మీద పూస్తే చర్మం నానుతుందే తప్ప లాభం లేదు. చూపుడువేలు కొన నుంచి మొదటి గీత వరకు క్రీము పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. అది రెండు అరచేతులంత మేరకు, వేళ్ళతో సహా, సరిపోతుంది. నీకు రెండు గజ్జలు, తొడలు, నడుం కలిపి ఎనిమిది అరచేతులంత ఉంటుందనుకో. పూటకు రెండు గ్రాములకు తక్కువ కాదు, రోజుకు రెండు పూటలు. అంటే 15 గ్రాముల ట్యూబు నాలుగు రోజులు కూడా రాదు. ఒకే ట్యూబును నెల పొడుగునా వాడి "మందు పనిచేయలేదు" అన్నవాళ్ళను ఎంతమందిని చూశానో. పూసింది మందా, దాని వాసనా అని అడగాలనిపించేది. ఎక్కువ మేర ఉంటే క్రీము ఖర్చు కన్నా డాక్టరు రాసే మాత్రలే నయమని కూడా ఈ లెక్కలోనే తెలుస్తుంది.

మచ్చ మధ్యలో రుద్దితే చాలదు. తామర అంచు నుంచి బయటికి పాకుతుంది. అందుకని అంచు దాటి బయట రెండు సెంటీమీటర్ల మేర బాగుందనిపించే చర్మానికీ పూయాలి. బయట నుంచి లోపలికి పూసుకుంటూ రా. గట్టిగా రుద్దొద్దు. పైన ప్లాస్టరు, బిగుతు కట్టు వేయొద్దు. పూశాక చేతులు సబ్బుతో కడుక్కో, ఆ చేత్తో కళ్ళు నలుపుకోవద్దు.

ఎన్నాళ్ళు పూయాలో కూడా రాస్తా, విను. క్లోట్రిమజోల్, మైకోనజోల్ లాంటివి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు. దురద మొదటి వారంలోనే తగ్గొచ్చు, మచ్చ మాసిపోవచ్చు. అప్పుడు ఆపకు. చర్మం మామూలుగా కనబడ్డాక ఇంకో వారం, రెండు వారాలు పూయాలి. పాత రోజుల్లో ఇంతకంటే తొందరగా నయమయ్యేది. ఇప్పుడు మన దేశంలో తిరుగుతున్న రకం మొండిది. 2020లో జపాన్ పరిశోధకులు దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. టెర్బినఫిన్‌కు అది చాలాసార్లు లొంగడం లేదు. అందుకే పక్కవాడికి పనిచేసిన మందు నీకు పనిచేయాలని రూలేమీ లేదు.

మేం ఉద్యోగంలో చేరినప్పుడు తామరకు ఆసుపత్రిలో ఇచ్చింది విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంటు. అందులో 6 శాతం బెంజోయిక్ ఆమ్లం, 3 శాతం శాలిసిలిక్ ఆమ్లం. కాళ్ళకు, మందపాటి చర్మానికి చవకైన మంచి మందు. ఒరుసుకుని ఎర్రబడ్డ గజ్జలకు పూశావంటే మాత్రం ఎగిరి గంతేస్తావు. మీ అవ్వ చెప్పే నిమ్మకాయ ఉప్పు, వెల్లుల్లి ముద్ద కూడా అంతే. కాలిన చర్మం మీద తామర ఇంకా సుఖంగా పెరుగుతుంది.

గుడ్డల సంగతి. నీది శ్రీసిటీలో ఫ్యాక్టరీ పని, పొద్దుట వేసుకున్న షూ సాయంత్రం దాకా విప్పవు. కాలి వేళ్ళ మధ్య తెల్లగా నాని చీలుతోందేమో ముందు చూసుకో. చాలామందికి గజ్జల్లోకి ఫంగసు వచ్చేది పాదాల నుంచే. డ్రాయరు కాళ్ళ మీదుగా తొడుక్కుంటాం కదా, దాన్ని పట్టుకుని పైకి వస్తుంది. పాదాలకూ మందు పూసి, ముందు సాక్సులు వేసుకుని, ఆ తర్వాత డ్రాయరు వేసుకో. నవ్వకు, ఇది పనిచేస్తుంది. సాక్సులు రోజూ మార్చు. జీన్సు బదులు వదులుగా ఉండే నూలు ప్యాంటు వేసుకో. లోపలి గుడ్డలు, టవలు, దుప్పటి వేడినీళ్ళలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరెయ్. మన దగ్గర ఎండకు కొదవా. అందరి గుడ్డలతో కలిపి ఒకే బకెట్లో నానబెట్టొద్దు.

నడుం చుట్టూ కూడా పాకిందంటున్నారు. మొలతాడు తీసెయ్. అది చెమటతో తడిసి ఎప్పటికీ ఆరదు, ఫంగసు అందులోనే కూర్చుని ఉంటుంది. మీ అమ్మ ఒప్పుకోదని నాకు తెలుసు. నయమయ్యాక కొత్తది కట్టుకుంటావని నేను చెబుతాలే. తాయెత్తు కట్టిన దారమైనా అంతే.

వచ్చే నెల తిరుమల కొండకు నడిచి పోవాలనుకుంటున్నావంట. ఇప్పుడొద్దు. అలిపిరి దారిన 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిన 2,388. ఏది ఎక్కినా తొడలు ఒరుసుకుని, చెమటకు నాని, ఆరబోతున్న చర్మం మళ్ళీ పచ్చిపుండవుతుంది. మొక్కు ఉంటే బస్సులో పోయి దర్శనం చేసుకుని రా, మెట్లు నయమయ్యాక ఎక్కుదువు.

కొన్ని జాగ్రత్తలు ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పు. మీ అక్క బిడ్డకు డైపరు దగ్గర ఎర్రబడిందని నీ ట్యూబు పూస్తారేమో, అస్సలు వద్దు. పసిచర్మం, అందులోనూ డైపరు కింద, స్టెరాయిడ్‌ను బాగా పీల్చుకుని ఒంట్లోకి పంపుతుంది. మీ నాయన గుండె ఆపరేషన్ తర్వాత రక్తం పలచబడేందుకు వార్ఫరిన్ వేసుకుంటున్నాడు. ఆయనకు మైకోనజోల్ పూతమందు కూడా డాక్టరును అడగకుండా పూయొద్దు, రక్తం మరీ పలచబడి ఎక్కడైనా కారొచ్చు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. క్రీముల్లో పారాఫిన్ లాంటి నూనె పదార్థాలు ఉంటే అవి గుడ్డలకు అంటి, ఉతికినా పూర్తిగా పోవు. ఆ గుడ్డకు నిప్పు తగిలితే తొందరగా అంటుకుంటుంది. రూములో వంట నువ్వే చేస్తావు కదా, మందు పూసిన లుంగీతో స్టవ్వు దగ్గరికి పోవద్దు.

తల వెంట్రుకల్లో, గోళ్ళలో వచ్చే తామరకు ఏ క్రీమూ పనిచేయదు, మాత్రలు కావాలి. ఆవులు పెంచే ఇళ్ళలో దూడల నుంచి పిల్లలకు అంటుకునే రకం కూడా ఒకటి ఉంది. అది తలలో వస్తే చీముగడ్డలా వాచిపోతుంది. దాన్ని కోయించొద్దు, మాత్రలతోనే తగ్గాలి. ఆ మాత్రలు కూడా నీ అంతట నువ్వు కొనకు. ఇట్రాకోనజోల్ గుళికలతో పాటు గ్యాస్ మాత్ర వేసుకుంటే సగం మందు ఒంటికి పట్టదు. మన ఊళ్ళో గ్యాస్ మాత్ర వేసుకోనిదెవరు చెప్పు.

ఈ లోపల మచ్చ చుట్టూ ఎరుపు వేగంగా పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆగొద్దు, ఆ రోజే చూపించు. మచ్చ తెల్లబడి స్పర్శ తెలియకపోతే అది తామర కాకపోవచ్చు, కుష్ఠు కోసం చూడాలి. రాత్రి పడుకోగానే ఒళ్ళంతా దురద వచ్చి, వేళ్ళ సందుల్లో పొక్కులుండి, రూములో అందరూ గోక్కుంటుంటే అది గజ్జి, దాని మందు వేరు. మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఒకసారి షుగరు పరీక్ష చేయించుకో, నీ వయసులో కూడా ఉంటుంది.

ఒక రోజు లీవు పెట్టుకుని తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి పో. మచ్చ అంచున పొలుసు గీరి మైక్రోస్కోపు కింద చూస్తారు, నొప్పేమీ ఉండదు. క్రీము పూసిన చర్మంలో ఫంగసు దొరక్కపోవచ్చు కాబట్టి ఏం పూశావో, ఎన్నాళ్ళు పూశావో దాచకుండా చెప్పు. స్టెరాయిడ్ ఆపాక కొన్నాళ్ళు ఎరుపు, మంట ఎక్కువవుతాయి. ఆ మాట ముందే వాళ్ళతో చెప్పించుకో, లేకపోతే భయపడి మళ్ళీ ఆ ట్యూబే తీస్తావు. దాన్ని పారేయొద్దు, జేబులో వేసుకుని పోయి చూపించు. నీ రూమ్మేటును కూడా వెంట తీసుకుపో, వాడికి తగ్గకుండా నీకు తగ్గదు.

ఇట్లు,
మీ మామ