శిరీషకు, కుండీల సంగతి

చిరంజీవి శిరీషకు,

మాఘమాసంలో గృహప్రవేశానికి వచ్చే 60 మందికీ స్టీలు గిన్నెలు కాకుండా, నీ చేత్తో చేసిన కుండీలు మొక్కతో సహా రిటర్న్ గిఫ్టుగా ఇస్తానన్నావట. పెరుగు డబ్బాలు, టైలరు దగ్గర మిగిలిన గుడ్డముక్కలు పోగేస్తున్నావని మీ అమ్మ చెబుతుంటే భలే ముచ్చటేసింది. ఆ మాటలోనే, పొలం దగ్గరున్న మందు డబ్బాలు కడిగి పంపిస్తానని మీ నాన్న అన్నాడని కూడా చెప్పింది. నా గుండె జారిపోయింది. ముందు ఆ సంగతి తేల్చేద్దాం.

పురుగుమందు డబ్బా ఒక్కటి కూడా గడప దాటి లోపలికి రాకూడదు. ఆ ప్లాస్టిక్ మందును కొంత తనలోకి పీల్చుకుంటుంది. సబ్బుతో ఎంత తోమినా వాసన పోతుందేమో గానీ మందు పూర్తిగా పోదు. పైగా ఆ కడిగిన నీళ్లు ఎక్కడ పారబోస్తావు? వాడిన మందు డబ్బాకు చిల్లులు పొడిచి, ఇంకెవరూ వాడుకోకుండా చెయ్యాలనే నియమం ఊరికే పెట్టలేదు. గుడ్డ తొడిగాక అది ఏ డబ్బానో ఎవరికీ తెలియదు, తీసుకెళ్లినవాళ్ల ఇంట్లో పాకే పిల్ల దాన్ని నోట్లో పెట్టుకుంటుంది. మీ నాన్నకు నేను చెబుతాను, నువ్వు మొహమాటపడకు. ఫినాయిలు, యాసిడ్, ఇంజనాయిల్ డబ్బాలు కూడా వద్దు.

తిండి వస్తువులొచ్చిన డబ్బాలు చాలు. కిలో పెరుగు డబ్బా నీ పనికి బాగా కుదురుతుంది. మూతి సుమారు 5 అంగుళాలు, ఎత్తు నాలుగున్నర, అంచు బయటికి తిరిగి ఉంటుంది. 60 డబ్బాలూ ఒకే రకం పోగెయ్యి, కొలత మారిందా కుట్టేటప్పుడు ఏడుస్తావు. గోరువెచ్చటి నీళ్లతో కడుగు. మరీ వేడి నీళ్లు పోస్తే డబ్బా వంకరపోతుంది.

ఇక అసలు విషయం. గుడ్డతో కుండీలు చేసేవాళ్లు దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. డబ్బాకు అడుగున చిల్లు పెట్టి, చుట్టూ ఫెవికాల్ రాసి, గుడ్డ అతికించి, అంచు అందంగా ఉండాలని గుడ్డ కొసను లోపలికి మడుస్తారు. తర్వాత మట్టి నింపి మొక్క పెడతారు. మొదటి వారం ఫొటోలకు బ్రహ్మాండంగా ఉంటుంది. లోపలికి మడిచిన ఆ కొస మట్టిని తాకుతూనే ఉంటుంది కదా, దీపంలో వత్తి నూనెను లాగినట్టు అది మట్టిలోని తడిని బయటికి లాగుతుంది. తడి బయట ఆరిపోతుంది, నీళ్లలోని ఉప్పు గుడ్డ మీద మిగులుతుంది. బోరు నీళ్లయితే రెండో వారానికే మూతి చుట్టూ తెల్లటి పొర కడుతుంది. మామూలు తెల్ల ఫెవికాల్ ఆరాక కూడా తడి తగిలితే మెత్తబడుతుంది, గుడ్డ అక్కడక్కడ ఉబ్బుతుంది. ఉబ్బిన చోట గాలాడదు, నల్లచుక్కల బూజు మొదలవుతుంది. కొత్త గుడ్డలో గంజి ఉంటే ఆ బూజుకు విందు భోజనమే. వార్నిష్ కొడితే ఆగుతుందని కొందరు అంటారు. ఆగదు. తడి వెనకనుంచి వస్తుంటే ముందు పూసిన వార్నిష్ దాన్ని లోపలే బిగిస్తుంది. ఇంత తతంగమూ అయ్యాక ఎర్ర కలంకారీ రంగు తీసుకెళ్లినవాళ్ల ఇంటి తెల్ల పాలరాయి మీద వృత్తంగా దిగుతుంది. ఆ మరక తుడిస్తే పోయేది కాదు, ఇల్లుగలవాళ్లు తలుచుకునేది నిన్నే. పెరుగు డబ్బాల ప్లాస్టిక్‌ను ఫెవికాల్ సరిగ్గా పట్టుకోదు కూడా, ఆరాక పొరలా ఊడొస్తుంది. అంటే ఇంత కష్టమూ జిగురు పట్టని చోటే పడుతున్నామన్నమాట.

అందుకని అతికించకు, తొడుగు కుట్టు. మొక్కను డబ్బాలో పెట్టకు. నర్సరీవాళ్ల 4 అంగుళాల నల్ల కుండీలో పెట్టి, ఆ కుండీని డబ్బాలో దించు. డబ్బాకు చిల్లు అసలే వద్దు. అడుగున వాటర్ బాటిల్ మూతలు మూడు బోర్లించి, వాటి మీద లోపలి కుండీ నిలబెడితే కారిన నీళ్లు వేళ్లకు తగలవు. నీళ్లు పోయాల్సినప్పుడు లోపలి కుండీని సింకులోకి తీసి, పోసి, పావుగంట నీళ్లు కారిపోనిచ్చి తిరిగి పెట్టాలి. తొడుగు మాసితే విప్పి ఉతుక్కోవచ్చు.

కొలతలు రాసుకో. ఒక్కో తొడుగుకు 18 అంగుళాల పొడవు, ఆరున్నర అంగుళాల వెడల్పు గుడ్డ. నిలువు కుట్టు వేశాక పైనా కిందా చెరో అంగుళం మడిచి, పావు అంగుళం ఎలాస్టిక్ ఎక్కించు. పైన 14 అంగుళాలు, కింద 10. డబ్బా కింది వైపు సన్నం కాబట్టి రెండూ సమానంగా పెట్టావో, తొడుగు జారి గజ్జెలపట్టీలా అడుగుకు చేరుతుంది. పైది డబ్బా అంచు కిందికి వెళ్లి బిగుసుకోవాలి, అంచు మీదికి రాకూడదు. 60 తొడుగులకు 40 మీటర్ల ఎలాస్టిక్ తెచ్చుకో. గుడ్డ కొనక్కర్లేదు, ఐదున్నర మీటర్ల పాత నూలు చీర ఒక్కటి చాలు. వెడల్పులో రెండేసి తొడుగులు వస్తాయి, అంచు వైపు 9 అంగుళాల పట్టీ మిగులుతుంది. నలిగి పలచబడ్డ భాగం ఉంటే అది వదిలెయ్. టైలరు ముక్కలను ముందువైపు అతుకులుగా కుట్టు. ఇక్కత్ ముక్క, జాకెట్టు ముక్క, చీర అంచు ఏదైనా సరే, ఉతికి, ఇస్త్రీ చేసి, తడిపిన తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగకపోతేనే వాడు.

డాల్డా డబ్బాల్లో తులసి, కనకాంబరాలు పెంచిన ఇళ్లు మన ఊళ్లో ఎన్నో. ఆ డబ్బాలు తొందరగా తుప్పుపట్టడానికి ఒక కారణం మేకు దెబ్బ. బయటినుంచి కొడితే చిల్లు చుట్టూ రేకు లోపలికి గట్టులా లేస్తుంది, ఆ గట్టు ఎత్తు మేర నీళ్లు ఎప్పటికీ నిలిచే ఉంటాయి. బాల్కనీ కోసం నూనె రేకుడబ్బా ఏదైనా చేస్తే లోపలినుంచి బయటికే కొట్టు, మూతి అంచులు ప్లయర్‌తో నొక్కు. చెయ్యి కోసుకున్నావని నాకు ఫోన్ రాకూడదు.

మట్టి ఒక్కో కుండీకి అరలీటరు, మొత్తం 30 లీటర్లు. ఎర్రమట్టి, కోకోపీట్ అనే కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు మూడూ సమపాళ్లు, గుప్పెడు వేపపిండి. 650 గ్రాముల కోకోపీట్ ఇటుకలు రెండు నానబెడితే చాలు, రెండుసార్లు నీళ్లు మార్చి పిండు.

తులసి ఇవ్వాలని మీ అమ్మ సరదా పడుతుంది. వద్దను. తులసికి ఎండ కావాలి, ఇది హాల్లో పెట్టుకునే కుండీ. మనీప్లాంటు, సింగోనియం తేలిగ్గా బతుకుతాయి గానీ, వాటి ఆకు నమిలితే నోరు మండుతుంది. పసిపిల్లలున్న ఇళ్లకు స్పైడర్ ప్లాంటు ఇవ్వు. కొమ్మలు దీపావళి దాటగానే వేసెయ్, చలికి వేళ్లు రావడం ఆలస్యమవుతుంది.

ఒక్కో కుండీకి చిన్న చీటీ కట్టు. వారానికోసారి డబ్బాలో చేరిన నీళ్లు పారబోసి, లోపలి గోడలు బ్రష్‌తో రుద్దమని అందులో రాయి. ఫ్రైడే డ్రైడే అని మునిసిపాలిటీవాళ్లు చెప్పేది దీని గురించే. డెంగీ దోమ గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. వట్టినే పారబోస్తే గోడకు అంటుకున్న గుడ్లు ఎండి, నెలల తర్వాత నీళ్లు తగిలినా పొదుగుతాయి. నువ్విచ్చిన కుండీవల్ల ఎవరింట్లోనూ జ్వరం రాకూడదు తల్లీ.

రేపే ఒక్కటి చెయ్యి. తెల్లకాగితం మీద పెట్టి రెండు వారాలు నీళ్లు పోస్తూ వాడు. కాగితం మీద రంగైనా, తడైనా కనిపిస్తే అది ఎక్కడినుంచి వచ్చిందో చూసి, సరిచేశాకే మిగతా 59కి గుడ్డ కత్తిరించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ