భద్రాచలం దగ్గర మొదలుపెట్టు

అమ్మాయీ,

ఏటా ఒకే కాలంలో వచ్చిపోయే దిగులు జబ్బు మీద నువ్వు వేసి పంపిన బొమ్మల కథ, పన్నెండు పేజీలూ చూశాను. ఫోన్లో గడులన్నీ అగ్గిపెట్టెల్లా కనబడుతుంటే మా మనవడి చేత ప్రింటు తీయించుకుని, వరండాలో కూర్చుని రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ డ్రాయింగ్ మాస్టారిగా, రెండోసారి ఇదే జబ్బు పడి లేచినవాడిగా.

బొమ్మల సంగతి తరవాత. ముందు తొమ్మిదో పేజీ. రాత్రిపూట కాలవగట్టు మీద ఆ పిల్ల ఒక్కతే నిలబడి నీళ్ళకేసి చూస్తూ ఉంది. అది కథ కోసం వేశావా, నీకే అలా అనిపించిందా? ఈ ఉత్తరం పక్కన పెట్టి నాకు ఫోన్ చెయ్. తిట్టను, కంగారు పడను. అనిపించిందంటే మీ అమ్మకి ఎలా చెప్పాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం. నేను ఫోన్ ఎత్తకపోతే 14416కి చెయ్. టెలి మానస్ అంటారు, మనసు బాగోనప్పుడు మాట్లాడే సాయం నంబరు, 2022లో ప్రభుత్వం పెట్టింది. ఏ రాత్రైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. నీకేం లేదు, ఊరికే వేశానన్నా సరే, ఆ పేజీ తీసెయ్. మన ఊళ్ళో కాలవ అందరి గుమ్మం ముందూ ఉంది. నీ పుస్తకం పట్టుకునేవాళ్ళలో నీలాంటివాళ్ళే ఎక్కువ ఉంటారు, వాళ్ళకి దారి గీసి చూపించకూడదు. ఆ నంబరు మాత్రం ఆఖరి పేజీలో పెద్ద అక్షరాలతో రాయి.

ఇక బొమ్మలు.

రెండో పేజీలో కిటికీ అవతల మంచు, ఆకులు రాలిన మోడు చెట్టు. ఎక్కడిదమ్మా ఆ చెట్టు? మన అమలాపురం బస్సు దారిలో నేనెప్పుడూ చూళ్ళేదు. ఈ జబ్బుకి 1984లో అమెరికాలో నార్మన్ రోసెంతాల్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్ళూ సీజనల్ ఎఫెక్టివ్ డిజార్డర్ అని పేరు పెట్టి రాశారు. వాళ్ళు చూసింది చలికాలంలో పగలు బాగా కుదించుకుపోయే చోట్ల మనుషుల్ని. నార్వేలో ట్రోమ్సో అనే ఊళ్ళో నవంబరు ఆఖర్నుంచి జనవరి సగం దాకా సూర్యుడు పైకే రాడు. అక్కడివాళ్ళు మోడు చెట్టు వేస్తే అది వాళ్ళ వీధిలో చెట్టు. మనకి పుష్యమాసంలోనూ పగలు పదకొండు గంటలకి తగ్గదు. ఇక్కడ వెలుతురు పోయేది ముసురులో.

అందరికీ ఒకే కాలంలో రాదు, ఒకేలాగా రాదు. చలికాలం రకంలో మనిషి తెగ నిద్రపోతాడు, అన్నం, స్వీట్లు ఎక్కువ తింటాడు. ఎండాకాలంలో వచ్చేవాళ్ళకి నిద్ర పట్టదు, తిండి సహించదు, ఊరికే చిరాకు. నాది ముసురు కాలంలో వచ్చే నిద్ర రకం. ఆషాఢంలో పట్టుకుని దసరాకి వదిలేది. చాలా ఏళ్ళు దాన్ని బద్ధకం అనుకున్నాను, ఇంట్లోవాళ్ళు పొగరు అనుకున్నారు. కాకినాడలో డాక్టరు గారు మాత్రం కేలెండరు తెమ్మన్నారు. వరసగా రెండేళ్ళు అవే నెలల్లో వచ్చి అవే నెలల్లో పోయిందా అని అడిగారు. ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు అప్పటిదాకా. నీ పిల్లకీ ఒక కేలెండరు ఇవ్వు. గోడకి తగిలించి పెట్టు, అదే చెబుతుంది.

మన దగ్గర తమాషా ఏంటంటే, మనకి దిగులు పట్టే నెలల్లోనే ఊరు అందంగా ఉంటుంది. నాట్లు పడతాయి. కొబ్బరాకు కడిగి ఆరేసినట్టుంటుంది. ఎర్రనీరు తగిలిందంటే పులస కోసం జనం ఎగబడతారు, శ్రావణ శుక్రవారాలు, పేరంటాలు, శనగలు. అంత పచ్చదనం మధ్య ఒక మనిషి మంచం దిగలేకపోతోంది. నువ్వు పేజీలన్నీ బూడిద రంగు పులిమావు. అలా పులిమితే ఆ పిల్లకేం తక్కువైందో తెలీదు, లోకమంతా అలాగే ఉంది కదా అనుకుంటారు. ఊరికి రంగులు దండిగా వెయ్. చేలు, చీరలు, గుమ్మానికి పసుపు, ఏదీ తగ్గించకు. ఆ పిల్లకి మాత్రం రంగు వెయ్యకు, ఒట్టి గీతతో వదిలెయ్, కాగితం తెలుపే ఆవిడ ఒళ్ళు. మన నరసాపురంలో పుట్టిన బాపు గారి బొమ్మలు ముందు పెట్టుకుని, ఆయన ఏం వేశారో కాదు, ఎంత వదిలేశారో లెక్కపెట్టు. నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది ఆ లెక్క.

నాలుగో పేజీలో నెత్తిమీద నల్లమబ్బు కూడా వద్దు. ఆ తప్పు నేను చేశాను. ఒకాయన, నెత్తిన మబ్బు, గొడుగు ఉంది గానీ తెరవడు. నా గుండె కోసి పెట్టాననుకుని ఒక వారపత్రికకి పంపాను. వాళ్ళు హాస్యం పేజీలో వేసి, కింద ‘పడిశం పట్టిన పంతులు’ అని రాశారు. స్టాఫ్ రూములో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తప్పు సగం వాళ్ళది, సగం ఆ మబ్బుది. జోకుల్లో అరిగిపోయిన గుర్తుతో నిజం చెప్పబోతే జోకే వినబడుతుంది.

మబ్బు బదులు దండెం వెయ్. వరండాలో ఈ చివర్నుంచి ఆ చివరికి కట్టిన తాడు, దానిమీద ఆరని బట్టలు. ఒకే సైజు గడులు ఆరు, ఆరింటిలోనూ అదే దండెం, అదే కోణం. మొదటి గడిలో ఒక లంగా. రెండోదాంట్లో దాని పక్కన తువ్వాలు. అలా పెరుగుతాయి, ఏవీ తియ్యరు. ఆరో గడికి తాడు కిందికి సాగి, లంగా అంచు నేలకి తగులుతుంది. ముసురుకి బట్టలు ఆరకపోవడం ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. అందుకని చదివేవాడికి మూడో గడి దాకా అనుమానం రాదు, ఐదో గడికి కడుపులో ఏదో అవుతుంది. అలాంటివే ఉప్పు జాడీలో చెమ్మ, వెలగని అగ్గిపుల్ల, చెప్పుల మీద బూజు. మొహం వెయ్యక్కర్లేదు. కన్నీటి చుక్కలు అసలే వద్దు. నేను ఆ నెలల్లో ఏడ్చింది లేదు, ఏడుపు వచ్చినా బాగుండును అనిపించేది.

ఇప్పుడు అసలు మాట. నీ కథ మంచం మీద మొదలై మంచం మీదే ఉంది. మామూలు దుఃఖానికి అది చాలేమో గానీ, దీనికి చాలదు. ఇది ఏటా వస్తుంది, వస్తోందని ముందే తెలుస్తుంది. మనకి వరద ఎలా తెలుస్తుంది? ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారి 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. కానీ లంకల్లో వాళ్ళు అంతదాకా ఆగుతారా? ఎగువన భద్రాచలంలో 43 అడుగులు దాటిందని వినగానే గొడ్లని గట్టుకి తోలేస్తారు. అక్కడి నీరు ఇక్కడికి చేరేది మర్నాటికి కదా.

ఈ దిగులుకీ పైన ఒక భద్రాచలం ఉంటుంది. నాది పెన్సిళ్ళ గ్లాసు. ఆషాఢం మొదట్లో పెన్సిళ్ళు చెక్కడం మానేసేవాణ్ణి. బొమ్మలు మానలేదు, మొద్దు పెన్సిల్‌తోనే గీసేవాణ్ణి. తరవాత పేపరు మడత విప్పకుండా బల్లమీద పేర్చడం. తరవాత గేటు చప్పుడైతే పెరట్లోకి తప్పుకోవడం. మంచం అన్నిటికన్నా ఆఖర్న. ఇది కనిపెట్టింది నేను కాదు, మా ఆవిడ. జూన్ వచ్చిందంటే నాకు తెలీకుండా గ్లాసులో మొనలు చూసుకునేది. రెండు మొద్దుబారితే ఊరుకునేది, నాలుగైతే డాక్టరు గారికి ఫోన్ చేసేది. మందు వేళకి మొదలయ్యేది, తెల్లారగట్ల నడకకి తరిమేది. ఆ ఏళ్ళలో నీరు గుమ్మం దాకా వచ్చింది గానీ ఇంట్లోకి రాలేదు. అందుకని నీ మొదటి నాలుగు పేజీల్లో అసలు దిగులే కనబడకూడదు. నవ్వుతున్న పిల్ల, పక్కన ఎక్కడో ఒక చిన్న వస్తువు మారుతూ ఉండాలి. రెండోసారి చదివినప్పుడు గానీ ఎవరికీ తెలీకూడదు.

హెచ్చరిక అంకెల్ని పేజీ మూల వాడుకుంటే వాడుకో, బాగుంటుంది. ఇల్లు మునిగే బొమ్మ మాత్రం వద్దు. 2022 జులైలో భద్రాచలంలో 71 అడుగులు దాటినప్పుడు మన లంకల్లో జనం నిజంగానే ఇళ్ళు వదిలి పడవలెక్కారు. వాళ్ళ వరదని మన దిగులుకి అలంకారం చెయ్యడం నాకు నచ్చదు.

మాటల బెలూన్లు తగ్గించు. మూడు పేజీల నిండా ఆ పిల్ల తన బాధ తనే వివరిస్తోంది. ఆ స్థితిలో ఎవరికమ్మా అంత ఓపిక? చుట్టూ ఉన్నవాళ్ళని మాట్లాడనీ. “ఏంటమ్మాయ్, చిక్కిపోయావేంటి?” “దిష్టి తగిలిందేమో, ఉప్పు తిప్పండి.” “వర్క్ ఫ్రం హోమ్ అని ఇంట్లో కూర్చోబెడితే ఇంతే.” వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు, వాళ్ళని దుర్మార్గుల్లా వెయ్యకు. ఆవిడ జవాబు అన్నిటికీ ఒకటే: “ఆయ్, బానే ఉన్నానండి.” ప్రతిసారీ ఆ అక్షరాలు కొంచెం చిన్నవి చెయ్, బెలూన్ మాత్రం అదే సైజు ఉంచు.

మందుబిళ్ళని మంత్రంలా చూపించొద్దు, విషంలానూ చూపించొద్దు. పళ్ళు తోముకున్నట్టు వేసుకుంటుంది, అంతే. లైటు బాక్స్ గురించి వేశావు, సరే. ఈ జబ్బుకి డాక్టర్లు చెప్పేది 10,000 లక్సుల (లక్సు అంటే వెలుతురు కొలత) దీపం, పొద్దున్నే దాని ముందు ఓ అరగంట. నువ్వు వేసింది చదువుకునే టేబుల్ లైటు. అది మార్చు, డాక్టర్ని అడక్కుండా కొనొద్దని కూడా ఒక ముక్క రాయి.

ఆఖరి పేజీలో కొబ్బరిచెట్ల మీంచి సూర్యుడు ఎగబాకడం కొట్టెయ్. నీరు తీసేటప్పుడు అలా తియ్యదు. ఒకరోజు దండెం మీంచి తువ్వాలు ఒక్కటే పోతుంది. ఎవరు తీశారో వెయ్యకు.

కాగితం సంగతి మర్చిపోయాను. ఈ చెమ్మకి కార్ట్రిడ్జ్ పేపరు మెత్తబడి ఇంకు పాకుతుంది. రాత్రి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గీసేముందు కాసేపు బల్బు కింద ఉంచు.

పన్నెండు పేజీలూ ఇప్పుడే తిరగెయ్యక్కర్లేదు. నీ గ్లాసులో పెన్సిలు ఏదో ఆలోచించి, దాన్ని ఒక్క గడిలో వేసి ఆదివారం లోపు పంపు. మీ అమ్మకి కూడా చూపించు, జూన్‌లో ఆవిడ చూసుకుంటుంది.

ఫోన్ మాత్రం ఇవాళే.

మీ మాస్టారు