అమ్మగారి నీరసానికి నడకే మందు
రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగిసి ఏడాదైనా 68 ఏళ్ల మీ అమ్మగారు నీరసమంటూ మంచం దిగడం లేదని, బలవంతం చేయాలా అని అడిగారు. బలవంతం వద్దండీ, మీరూ పక్కనే నడవండి. ఇలాంటి నీరసం విశ్రాంతి ఒక్కదానితో తీరదు, మెల్లగా పెంచే నడకతో చాలామందికి తగ్గుతుంది. అయితే ముందు రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించి, ఎముకల బలం, గుండె పరిస్థితి గురించి ఆంకాలజిస్టును (క్యాన్సర్ డాక్టరును) తప్పక అడగండి. డాక్టర్లు చెప్పే వారానికి 150 నిమిషాల వ్యాయామమన్నది చేరవలసిన గమ్యమే గాని మొదటి రోజు లెక్క కాదు. కూకట్‌పల్లిలో మా అమ్మ అపార్ట్‌మెంటు వరండాలో గోడ పట్టుకుని 5 నిమిషాలతో మొదలుపెట్టి, మూడు నెలలకు కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని రైతుబజారుకు వెళ్లి తోటకూర తానే ఏరి తెచ్చుకుంది. ఉత్త చారన్నంతో కండ నిలవదు కనుక పూటపూటా పప్పో, గుడ్డో, పెరుగో పెట్టండి.