మాటల ముచ్చట: ఈ జబ్బు పేరును ఎక్కడ విరిచి పలకాలి?

ప్రశ్న: మా నాన్నగారి బయాప్సీ రిపోర్టులో ‘క్రానిక్ ట్యూబ్యులోఇంటర్‌స్టిషియల్ నెఫ్రైటిస్’ అని ఉంది. మరో ఆస్పత్రిలో జబ్బు పేరు అడిగినప్పుడు నేను సగంలోనే తడబడితే అక్కడివారు నవ్వారు. ఈ మాటను ఎక్కడెక్కడ విరిచి ఎలా పలకాలో దయచేసి తెలుపగలరు.
– ఒక పాఠకురాలు, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: నవ్వినవారిదే తప్పమ్మా. ఎక్కడ తడబడ్డారో మీరు రాయలేదు గానీ, అది ‘లో’ తర్వాతే అయి ఉంటుందని నా ఊహ. తెలుగులో రెండు అచ్చులు పక్కపక్కన నిలిచి సంధి జరగకపోతే నడుమ యడాగమం వస్తుంది. ‘మా అమ్మ’ను ‘మాయమ్మ’ అనే నాలుక, ‘లో’ పక్కన ‘ఇ’ కనబడగానే ‘లోయింటర్’ అని జారిపోతుంది. అక్కడ రెండు మాటలు అతికాయని తెలిస్తే ఆ జారుడు ఆగుతుంది.

‘క్రానిక్’ అంటే దీర్ఘకాలికం. లాటిన్‌లో ‘ట్యూబ్యులస్’ అంటే చిన్న గొట్టం. ఇక్కడ మూత్రపిండంలోని సన్నని నాళికలు. ‘ఇంటర్‌స్టిషియల్’ అంటే ఆ నాళికల నడుమనున్న కణజాలానికి సంబంధించినది. గ్రీకులో ‘నెఫ్రోస్’ మూత్రపిండం. దానికి వాపును, తాపాన్ని తెలిపే ‘ఐటిస్’ చేరింది. హెపటైటిస్, ఆర్థ్రైటిస్ మాటల చివర వినబడేదీ ఇదే.

‘క్రానిక్’ను పక్కన పెడితే, పలకవలసినది ఇలా: ట్యూ-బ్యు-లో, ఇన్-టర్-స్టి-షల్, నె-ఫ్రై-టిస్. మూడు, నాలుగు, మూడు, మొత్తం పది. రాతలో ‘షియల్’ అని ఉన్నా పలుకులో అది ‘షల్’ అనే ఒక్క ముక్కే. ఊనిక ‘స్టి’ మీద, ‘ఫ్రై’ మీద పడాలి. ఈ రెండోదే మనకు కష్టం, ఎందుకంటే సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుందన్న మన ఛందస్సు నియమం మన నోట్లోనే ఉంది. అందుకే ‘నెఫ్’ అని మొదటే ఒత్తి, ‘రైటిస్’ను తేల్చేస్తాం. ‘నె’ను తేలికగా వదిలి, బరువును ‘ఫ్రై’ మీద మోపండి.

రిపోర్టు జిరాక్సు మీద ‘లో’ తర్వాత ఒకటి, ‘షియల్’ తర్వాత ఒకటి, పెన్సిలుతో రెండు నిలువు గీతలు గీసుకుని, గీత దగ్గర చిన్నగా ఆగుతూ నాలుగైదుసార్లు పైకి చదవండి. డాక్టర్లు దీన్నే కుదించి ‘సీటీఐఎన్’ అని కూడా రాస్తారు కనుక, మరో కాగితం మీద ఆ నాలుగక్షరాలు కనిపిస్తే కొత్త జబ్బేమోనని కంగారు పడకండి.